అబ్బా సందూకులో సినిమా కాగితాలు

మా అబ్బా చెహ్లుం అయిన వారానికి బొల్లాపల్లిలోని పాత ఇంటికి మరమ్మతు మొదలుపెట్టాం. నాపరాళ్ళ కప్పు. మూడు వానాకాలాలుగా కారుతోంది. సామానంతా వేపచెట్టు కిందకి చేరుస్తుంటే అటక మీంచి ఒక రేకు సందూక్ దిగింది. తాళం లేదు. పురికొసతో రెండు చుట్లు చుట్టి ఉంది. పైన పాత రేషన్ కార్డులు, ఆగిపోయిన చేతి గడియారం, మా చెల్లెలి నికాహ్ ఖర్చుల హిసాబ్ రాసిన నోటుబుక్కు. వాటి అడుగున, రంగు వెలిసిన లుంగీలో చుట్టిన కాగితాల దొంతర.

విప్పగానే ఎండిన వేపాకు పొడి రాలింది. పై కాగితం మీద రామారావు, భానుమతి. 'పల్నాటి యుద్ధం'. దాని కింద ఇంకోటి, ఇంకోటి. లెక్కపెడితే 31. కొన్ని నిండు పోస్టర్లు, కొన్ని సగం ముక్కలు, కొన్ని బొమ్మే లేని ఉత్త అక్షరాల షీట్లు. అన్నీ చిన్న మడతలు. మడత పడ్డ చోట కాగితం పొట్టులా విరిగిపోతోంది.

మా అబ్బా సినిమా మనిషని మాకు తెలుసు. అంటే సినిమాలో కనిపించిన మనిషి కాదు, సినిమాని గోడకి అంటించిన మనిషి. పెళ్ళికి ముందు నుంచి నేను బడిలో చేరేదాకా ఆయన పేషా అదే. తర్వాత మిర్చి కొట్టులో గుమాస్తాగా కుదిరి, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎప్పుడైనా అడిగితే "ఆ జమానా వేరు బేటా" అని నవ్వేసేవాడు. ఇన్ని కాగితాలు దాచుకున్నాడని అమ్మీకి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

నల్లమల అంచున ఉన్న మా వైపు పల్లెలకి అప్పట్లో సినిమా అంటే వినుకొండ పోవాలి, లేదంటే టూరింగ్ టాకీస్ వచ్చేదాకా ఆగాలి. ఇప్పటి పిల్లలకి టూరింగ్ టాకీస్ అంటే ఏమిటో చెప్పాలి. ఒక డేరా, ఒక ప్రొజెక్టరు, దాన్ని నడిపే ఇంజను, నాలుగు వరసల బెంచీలు, మిగతాదంతా నేల. ప్రొజెక్టరు ఒక్కటే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య తడిక. సాయంత్రం లౌడ్ స్పీకర్లో భక్తి రికార్డు మొదలైందంటే, ఇంక ఆట మొదలవుతుందని పొలాల్లోంచి జనం బయలుదేరేవాళ్ళు.

కొత్త సినిమా మొదట విజయవాడ, గుంటూరులో ఆడేది. తర్వాత నరసరావుపేట. ఆ తర్వాత వినుకొండ. అన్నీ తిరిగి, గీతలు పడి, అతుకులు పడి మా డేరాకి చేరేసరికి నెలలు దాటేది, ఒక్కోసారి ఏళ్ళు కూడా. డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు విజయవాడ గాంధీనగర్‌లో ఉండేవి. అక్కడి నుంచి ఫిలిం పెట్టెతో పాటు ఒక కట్ట పోస్టర్లు వచ్చేవి. ఆ కట్ట ఎప్పుడూ చాలేది కాదు. ఏ ఊరి రచ్చబండ దగ్గర పెద్దది పడాలి, ఏ ఊరికి చిన్నదైతే సరిపోతుంది అనేది అబ్బా చేతిలో పని.

ఫజ్ర్ నమాజ్ అయ్యాక సైకిల్ తీసేవాడట. వెనక నిచ్చెన, హ్యాండిల్‌కి జిగురు బకెట్టు, కాగితాలు భుజాన. జిగురు అమ్మీ ఉడికించేది. మైదాపిండి చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్ళలో పోసి, జావలా అయ్యేదాకా తిప్పాలి. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేయాలి. పేదరికంలో ఉన్న రోజుల్లో ఇంట్లో రొట్టెకి పిండి లేకపోయినా గోడకి మాత్రం ఉండేదని అమ్మీ ఇప్పటికీ అంటుంది. ఆ మాట నవ్వుతూనే అంటుంది కానీ, వినడానికి నవ్వు రాదు.

సందూక్ తెరిచిన సాయంత్రమే ఇంట్లో రెండు మాటలు లేచాయి.

మా చాచా అన్నాడు: "అమ్మేద్దాం రా. పాత పోస్టర్లకి ఇప్పుడు మంచి రేటుంది. హోటళ్ళవాళ్ళు, బంగళాలవాళ్ళు ఫ్రేములు కట్టించుకుంటున్నారు. కప్పు ఖర్చు వచ్చేస్తుంది." ఫోన్లో ఫొటోలు పంపితే ఎవరో వ్యాపారి అప్పుడే ధర కూడా చెప్పాడు.

నేనన్నాను: "అమ్మొద్దు. అబ్బా యాదుగా దాలాన్‌లో గోడకి పెడదాం."

అమ్మీ రెంటికీ ఒప్పుకోలేదు. "నక్కో బేటా. తస్వీర్లున్న ఇంట్లోకి రహ్మత్ ఫరిష్తాలు రారంటారు. మీ అబ్బా కడుపు కోసం గోడలకి అంటించాడు, సరే. ఇప్పుడు ఆయన పోయాక, ఆయన పేరు చెప్పి, నమాజ్ చదివే ఇంట్లో మళ్ళీ అంటిస్తారా? అది ఆయన లెక్కలో పడితే ఎవరు జవాబు చెప్తారు?"

ఆవిడ భయం ఆచారం గురించి కాదు, అబ్బా గురించి. ఖబర్‌లో ఉన్న మనిషికి మనం మేలు చేస్తున్నామా, కీడు చేస్తున్నామా అనేదే ఆవిడ సవాల్. దానికి నా దగ్గర జవాబు లేదు. నేను ఆలిమ్‌ని కాను. తస్వీర్ విషయంలో, ఫొటో విషయంలో ఉలమాల మధ్యే రకరకాల అభిప్రాయాలున్నాయి. నేను పత్రికలవాణ్ణి. నాకు చేతనైంది ఒక్కటే, ఈ కాగితాలేమిటో, ఎక్కడి నుంచి ఎలా వచ్చాయో తెలుసుకోవడం. ఆ పని మొదలుపెడితే దారి నన్ను సినిమా దగ్గరికి కాకుండా మా ఉర్దూ బడి దగ్గరికి తీసుకుపోయింది.

పోస్టర్ కథ రాయి దగ్గర మొదలవుతుంది. 1796 ప్రాంతంలో బవేరియాలో అలోయిస్ సెనెఫెల్డర్ అనే నాటకాల రచయిత తన నాటకాలని చవగ్గా అచ్చు వేసుకునే దారి వెతుకుతూ, నున్నగా అరగదీసిన సున్నపురాయి మీద జిడ్డు సిరాతో రాసి చూశాడు. రాయిని నీళ్ళతో తడిపి, పైన సిరా రోలరు దొర్లిస్తే, జిడ్డున్న చోట సిరా అంటుకుంటుంది, తడి ఉన్న చోట అంటదు. పైన కాగితం వేసి నొక్కితే రాసింది రాసినట్టు దిగుతుంది. దీనికే లిథోగ్రఫీ అని పేరు. మనం శిలాముద్రణ అంటాం. మా పల్నాడు అంతా సున్నపురాయి నేలే. పిడుగురాళ్ళ సున్నం బట్టీలు, మాచర్ల నాపరాయి సరే, అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చెక్కింది కూడా పల్నాటి సున్నపురాతి మీదే. ఈ రాయికీ బొమ్మకీ దోస్తీ మాకు కొత్త కాదు.

1820ల్లో లిథో హిందుస్తాన్ చేరింది. దాన్ని అందరికంటే గట్టిగా గుండెకి హత్తుకున్నది ఉర్దూ. కారణం నస్తాలీఖ్ లిపి. అందులో అక్షరాలు వరసలో నిలబడవు, పైనుంచి కిందకి వాలుతూ ఒకదాని ఒళ్ళో ఒకటి కూర్చుంటాయి. పక్కనున్న అక్షరాన్ని బట్టి ఆకారం మార్చుకుంటాయి. సీసం టైపులో వీటిని పోత పోయడం దాదాపు అసాధ్యం. లిథోలో ఆ బాధ లేదు. కాతిబ్ పూత పూసిన కాగితం మీద జిడ్డు సిరాతో ఖత్ రాస్తాడు, దాన్ని రాతి మీదకి దించుతారు, రాయి వేల ప్రతులు ఇస్తుంది. 1858లో లక్నోలో మున్షీ నవల్ కిశోర్ పెట్టిన ప్రెస్సు ఇలాగే నడిచింది. ఆయన హిందువు. ఆయన అచ్చువేసిన ఖురాన్ ప్రతులని మన బుజుర్గులు కళ్ళకద్దుకుని చదివారు.

ఇంకో సంగతి. 1981లో లాహోర్‌లో 'జంగ్' పత్రిక నూరీ నస్తాలీఖ్ అనే కంప్యూటర్ అక్షరాలతో వచ్చేదాకా ఉర్దూ దినపత్రికలు కూడా కాతిబుల చేతిరాతే. ఇక్కడ మనకి ఆ మార్పు ఇంకా ఆలస్యంగా వచ్చింది. నేను చదివిన ఉర్దూ వాచకాలన్నీ కితాబత్ చేసినవే. ఒక పాఠంలో అలిఫ్ సన్నగా, ఇంకో పాఠంలో కాస్త లావుగా ఉంటే, కాతిబ్ మారాడన్నమాట అని మా ఉస్తాద్ చెప్పేవారు. మద్రాసులో 1927లో మొదలైన 'ముసల్మాన్' పత్రిక అయితే కంప్యూటర్లు వచ్చాక కూడా నాలుగు పేజీలూ కాతిబులతోనే రాయించింది. ఆఖరి నిమిషం వార్త కోసం మొదటి పేజీలో ఒక మూల ఖాళీ వదిలి ఉంచేవాళ్ళు.

ఇదే రాయి, ఇదే సిరా సినిమాకీ పుట్టిల్లు. 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీసిన దాదాసాహెబ్ ఫాల్కే అంతకుముందు పనిచేసింది రవివర్మ బొమ్మలు అచ్చేసే లిథో ప్రెస్సులో. దేవుళ్ళ బొమ్మలు ఇంటింటి గోడకీ చేర్చిన ప్రెస్సు అది. కొల్హాపూర్‌కి చెందిన బాబూరావ్ పెయింటర్ 1920ల్లో తన సినిమాలకి తనే పోస్టర్లు గీశాడు. 1930ల్లో బొంబాయి వీధుల్లో నిచ్చెనెక్కి సినిమా హోర్డింగులు వేసిన కుర్రాళ్ళలో ఎం.ఎఫ్. హుసేన్ ఒకరు. ఆ తర్వాత ఆయన ఎంత పెద్ద చిత్రకారుడైందీ అందరికీ తెలుసు. వేసే చెయ్యి మాత్రం గోడ మీద తిరిగిన చెయ్యే.

మన తెలుగు సినిమాకి పోస్టర్ పుట్టింది మద్రాసులో. కేతా స్టూడియో లాంటి చోట్ల ముందు రంగుల్లో మూలచిత్రం వేసేవాళ్ళు. దాన్ని చూసి లిథో పనివాళ్ళు పసుపు, ఎరుపు, నీలం, నలుపు అని రంగు రంగుకీ వేరుగా జింక్ రేకుల మీద చుక్కలు చుక్కలుగా దించేవాళ్ళు. రాళ్ళ బరువు మొయ్యలేక అప్పటికి ఆ చోటు జింక్ రేకులు తీసుకున్నాయి. ఒక్కో కాగితం నాలుగుసార్లు మిషన్లోకి పోవాలి. వెంట్రుకవాసి పక్కకి జరిగినా హీరోకి రెండు ముక్కులొస్తాయి. మా సందూకులో అలా రెండు ముక్కుల పోస్టర్ ఒకటుంది. కొంత అచ్చు మద్రాసులో, కొంత శివకాశిలో జరిగేది. అగ్గిపెట్టెల మీద అంటించే లేబుళ్ళతో మొదలైన శివకాశి ముద్రణ, క్యాలెండర్లు దాటి సినిమా పోస్టర్ల దాకా వచ్చింది.

ఆ మద్రాసు పనివాళ్ళలో మనం పేరు చెప్పుకోగల ఒకాయన ఈశ్వర్. పాలకొల్లు నుంచి వెళ్ళి, కేతా దగ్గర పని నేర్చి, 1967లో బాపు మొదటి సినిమా 'సాక్షి'కి పోస్టర్లు వేసి మొదలుపెట్టారు. నాలుగు భాషల్లో రెండు వేలకి పైగా సినిమాలకి పనిచేశారు. తన హునర్ గురించి 'సినిమా పోస్టర్' అని పుస్తకం రాస్తే దానికి నంది పురస్కారం వచ్చింది. 2021లో ఇంతెకాల్ అయ్యారు. మా 31 కాగితాల్లో మూడింటి మూలన ఆయన సంతకం ఉంది. భూతద్దం పెట్టి వెతికితే దొరికింది. అబ్బా చేతిలోంచి ఆయన బొమ్మలు ఎన్ని గోడలకెక్కాయో. ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు.

ఇంతకీ ఈ కాగితాలు దాచడంలో అర్థముందా? చాచా అడిగిన ప్రశ్న ఇది. "సినిమాలన్నీ ఫోన్లో దొరుకుతుంటే పోస్టర్ ఎందుకురా?"

అన్నీ దొరకవు. 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైన 'ఆలం ఆరా' ఈ దేశపు మొదటి మాటల సినిమా. అందులో ఫకీరు వేషం కట్టి మన దేశంలో మొదటి సినిమా పాట పాడింది వజీర్ మహమ్మద్ ఖాన్. ఆ సినిమా ఇప్పుడు లేదు. ప్రింటు లేదు, పాట లేదు. మిగిలింది కొన్ని ఫొటోలు, కొన్ని కాగితాలు. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' గతీ అంతే. ఆ నాటి ఫిలిం నైట్రేట్‌తో చేసింది. దానంతటదే కుళ్ళిపోయేది, నిప్పు తగిలితే బారూద్‌లా మండేది. పూణెలో జాతీయ ఫిలిం భాండాగారం పెట్టింది 1964లో. అప్పటికే పోవాల్సినవి చాలా పోయాయి.

'భక్త ప్రహ్లాద' పుట్టిన రోజు కథ ఇంకా పాఠం లాంటిది. అది 1931 సెప్టెంబరు 15న వచ్చిందని ఎన్నో ఏళ్ళు అందరూ రాశారు, చదివారు. జర్నలిస్టు రెంటాల జయదేవ పాత పత్రికల ప్రకటనలూ, సెన్సారు వివరాలూ తవ్వి, అది విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అని తేల్చారు. సినిమా పోయింది, చూసినవాళ్ళూ పోయారు. కాగితం ఉంది కాబట్టి తారీఖు దిద్దుకోగలిగాం. చదివి పారేసే కాగితమే చివరికి గవాహీ చెప్పింది.

మా కాగితాలు అంత పెద్ద గవాహీ చెప్పవు. చిన్న సంగతులు చెబుతాయి. 'పల్నాటి యుద్ధం' పోస్టర్ తీసుకోండి. 1966 నాటి సినిమా అది. గుత్తా రామినీడు దర్శకుడు, బ్రహ్మనాయుడు రామారావు, నాగమ్మ భానుమతి. అంతకుముందు 1947లో కన్నాంబ నాగమ్మగా ఇదే పేరుతో ఇంకోటి వచ్చింది. 12వ శతాబ్దపు ఆ గొడవ మాకు చరిత్ర పుస్తకం కాదు, ఇరుగుపొరుగు సంగతి. కారెంపూడిలో ఇప్పటికీ ఏటా వీరుల తిరనాళ్ళు జరుగుతాయి. అబ్బా ఆ పోస్టర్ మూల మీద పెన్సిల్‌తో తెలుగులో రాసుకున్నాడు: "మూడోసారి. నేల ఫుల్లు." అంటే పాతబడిన సినిమా మూడోసారి తెచ్చినా జనం నిండారన్నమాట. ఏ సినిమా చరిత్రలోనూ ఈ మాట దొరకదు.

ఇంకో దాని మీద, 'అక్బర్ సలీం అనార్కలి' మీద, "మనవాళ్ళు బండ్లు కట్టుకొచ్చారు" అని ఉంది. మహమ్మద్ రఫీ గొంతు తెలుగు పాడుతుందంటే వినడానికి వచ్చి ఉంటారు. కొన్నిటి మీద ఊళ్ళ పేర్లు, కొన్నిటి మీద వానపడిన తేదీలు. ఆయన ఐదో తరగతి దాకా చదివిన తెలుగులో రాసుకున్న రోజ్‌నామా అది. మాకెవరికీ చూపించలేదు.

ఇక ఆ అక్షరాల షీట్లు. పోస్టర్లు చాలనప్పుడు నరసరావుపేట ప్రెస్సులో చవక రంగు కాగితం మీద సినిమా పేరు, ఊరి పేరు, "నేటి నుండి" అని అచ్చు కొట్టించేవాళ్ళు. చిన్న అక్షరాలు సీసానివి, పెద్దవి చెక్కవి. మా మండలంలోనే బండ్లమోటు గనిలో సీసం తవ్వేవాళ్ళు. ఆ గనీ ఇప్పుడు లేదు, ఆ అచ్చూ లేదు. డేరాలని ముందు వీడియో, తర్వాత టీవీ మింగాయి. గోడల మీదకి ఫ్లెక్సీ వచ్చింది. ఫ్లెక్సీకి జిగురక్కర్లేదు, జిగురు ఉడికించే మనిషీ అక్కర్లేదు.

ఒక రోజు ఇవన్నీ దాలాన్‌లో చాప మీద పరిచి ఫొటోలు తీస్తున్నాను. అమ్మీ తస్బీ పట్టుకుని దూరంగా కూర్చుంది. ఇటు చూడటం లేదు. అప్పుడు ఒక చినిగిన ముక్క విప్పాను. పెద్ద పోస్టర్లు ఒకే కాగితం కాదు, ఆరు ముక్కలుగా వస్తాయి, గోడ మీద కలపాలి. ఇది అడుగు ముక్క. బొమ్మ లేదు. ముదురు ఎరుపు మీద మూడు లిపుల్లో ఒకే పేరు. ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ. 'పాకీజా'. మీనాకుమారి చివరి రోజుల సినిమా. 1972 ఫిబ్రవరిలో విడుదలైంది, మార్చి ఆఖర్న ఆవిడ పోయింది. ఉర్దూ అక్షరాలు ఎవరో మంచి కాతిబ్ రాశాడు. వెనక్కి తిప్పితే కాగితం అంతా ఎండిన మైదా పెచ్చులు, వాటితో పాటే ఊడొచ్చిన గోడ సున్నం. అంటే ఇది వాడనిది కాదు. అంటించి, మళ్ళీ ఊడబీకింది.

"ఊడబీకింది ఎందుకు దాచాడు?" అని పైకే అన్నాను.

అమ్మీ తస్బీ ఆపింది. "అది నరసరావుపేటది" అంది.

పెళ్ళయిన కొత్తలో, వానలకి డేరా ఎత్తేసిన రోజుల్లో, అబ్బా నరసరావుపేటలో ఒక హాలుకి పని చేశాడట. పాత హిందీ సినిమాకి పెద్ద పోస్టర్ పడాలి. అడుగు ముక్క విడిగా, ఒక షాపు పక్క గోడకి అంటించమన్నారు. ఇంగ్లీషు, హిందీ ఉన్న పైభాగం తడిసి చినిగింది, దాన్ని మడిచేసి ఉర్దూ ఉన్న భాగం ఒక్కటే పైకి కనపడేలా అంటించాడు. తలకిందులుగా. ఆయనకి ఉర్దూ మాట వచ్చు, చదువు రాదు. మసీదు నుంచి వస్తున్న నలుగురు పెద్దమనుషులు ఆగి చూసి నవ్వారు. వాళ్ళలో ఒకాయన, "ముసల్మాన్ బిడ్డవి, నీ జబాన్ నీకే తలకిందులా?" అన్నాడట. అబ్బా ఏమీ అనలేదు. రాత్రి హాలు మూసేశాక నీళ్ళు చల్లి దాన్ని ఊడబీకి, సరిగ్గా ఇంకోటి అంటించి, ఇది మడిచి ఇంటికి తెచ్చాడు.

"ఆ రాత్రి అన్నం తినలేదు" అంది అమ్మీ. "కొడుకు పుడితే ఉర్దూ బడిలో వేస్తానన్నాడు. నిన్ను మీ ఖాలా ఇంట్లో పెట్టి నరసరావుపేటలో చదివించింది అందుకే. ఊళ్ళో తెలుగు బడి ఉంది కదా అని మీ దాదా ఎంత గొడవ చేసినా వినలేదు."

నా బడి కథ వెనక ఇంత ఉందని నాకు నలభై ఏళ్ళు దాటాక తెలిసింది. పదో తరగతి దాకా ఉర్దూ, డిగ్రీలో తెలుగు సాహిత్యం, ఇప్పుడు తెలుగు పత్రికలో రోజీ. నన్ను చూసి "నీది రెండు పడవల ప్రయాణం" అని దోస్తులు ఏడిపిస్తుంటారు. రెండో పడవ ఎందుకెక్కానో ఆ కాగితం వెనక మైదా పెచ్చుల్లో ఉంది.

అమ్మీ దగ్గరికి వచ్చి ఆ ముక్క వంక చాలాసేపు చూసింది. "చదువు" అంది. చదివాను. "అర్థం?" అంది. పవిత్రమైనది అని చెప్పాను. ఆవిడకి తెలియక కాదు. నా నోటి వెంట వినాలని. తర్వాత అంది, "దీనికి మొహం లేదుగా. దీన్ని పెట్టుకో."

అలా తేలింది మా ఇంటి ఫైసలా. దాలాన్‌లో, నమాజ్ చదివే గదికి అవతలి గోడకి, రెండు ఫ్రేములున్నాయి. ఒకటి 'పాకీజా' అడుగు ముక్క. రెండోది నరసరావుపేట ప్రెస్సులో కొట్టించిన పసుపు రంగు అక్షరాల షీటు, దాని మీద మా ఊరి పేరు ఉన్నది. మిగతా 29 గోడకెక్కలేదు, అమ్ముడూ పోలేదు. మడతలు విప్పి, చదునుగా పరిచి, పెట్టెలో అమానత్‌గా ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూస్తామంటే చాప వేసి చూపిస్తాం. చాచా కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు. మొన్న ఈద్‌కి వచ్చినప్పుడు తనే చాప పరిచి మనవళ్ళకి చూపించాడు.

మీ ఇళ్ళల్లో కూడా అటకల మీద, పరుపుల కింద ఇలాంటివి ఉండొచ్చు. మన ఇళ్ళల్లో పెయింటర్లు, సైన్ బోర్డులు రాసినవాళ్ళు, ప్రెస్సుల్లో పనిచేసినవాళ్ళు తక్కువేమీ కాదు. దొరికితే కొన్ని జాగ్రత్తలు. మడతలు బలవంతంగా విప్పొద్దు. ఆ నాటి చవక కాగితంలో ఆమ్లం ఉంటుంది, అదే పసుపెక్కించి పెళుసు చేస్తుంది. సెల్లో టేపు వెయ్యొద్దు, దాని బంక కొన్నేళ్ళలో నూనె మరకై కూర్చుంటుంది. లామినేషన్ అసలే వద్దు, చేస్తే మళ్ళీ తియ్యలేం. ఫ్రేము కడితే అద్దం కాగితానికి ఆనకుండా మధ్యలో అట్ట పెట్టించండి. వెనక అట్ట ఆమ్లం లేనిది అడగండి. ఎండ పడే గోడ వద్దు, చెమ్మ గోడ వద్దు. పెన్సిల్ రాతలు, అంటించిన గుర్తులు తుడవొద్దు. మాకు దొరికిన అసలు సంగతి వాటిలోనే ఉంది.

చినిగిన చోట అతకడానికి మ్యూజియాల్లో ఏం వాడతారో తెలుసా? పల్చటి జపాన్ కాగితం, గోధుమ పిండిలోంచి తీసిన గంజి. కారణం, ఎప్పుడైనా సరే నీళ్ళతో తడిపి మళ్ళీ ఊడదీయొచ్చు, కాగితానికి హాని ఉండదు. మైలుతుత్తం మాత్రం కలపరు. ఈ సంగతి చెబితే అమ్మీ నవ్వింది. "అయితే మేం ఉడికించింది సరైన జిగురేనన్నమాట" అంది.

'పాకీజా' ముక్క చినుగు ఆవిడే అతికింది. గంజి ఆవిడే కాచింది. నేను జపాన్ కాగితం కత్తిరించి ఇచ్చాను. ఫ్రేములో పెట్టే ముందు రెండుసార్లు అడిగింది, "సరిగ్గానే ఉందా, తలకిందులు కాలేదుగా?" అని.